పడి లేచిన కోళ్లు

పదకొండో భాగం

"వ్యాను నాలుగింటికి వస్తుంది. ఎవరికైనా ఏడుపు ఉంటే ఆలోపు కానిచ్చేయండి. తర్వాత నా ముందు మాత్రం ఏడవొద్దు," అన్నాడు పెద్దకొడుకు.

ఎవరూ ఏడవలేదు. ఏడ్చినా కొంత నయంగా ఉండేది. అతని తల్లి వంటింటి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, నిన్న పొద్దుటి నుంచి ఉన్నట్టే, పెదవి విప్పకుండా ఉంది. పెద్దకోడలు కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతోంది. చిన్నకొడుకు చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతలు పెడుతున్నాడు.

సరిగ్గా ఆ సమయానికి చిన్నకోడలు భుజాన సంచితో లోపలికి వచ్చింది. పక్షుల రోగాలు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. ఐదు రోజుల శిక్షణకని వేరే ఊరు వెళ్లి, బస్సు దిగి నేరుగా ఇంటికి వస్తోంది. పెళ్లయిన ఈ ఆరేళ్లలో ఇంతమంది ఒకచోట చేరి ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎరగదు. ఈ ఇంట్లో శుభాకాంక్షలు చెప్పుకున్నా వీధి చివరికి వినపడుతుంది.

"వ్యానెందుకు?" అంది.

"మూడో షెడ్డు ఖాళీ చేస్తున్నారు," అంది పెద్దకోడలు, వెనక్కి తిరగకుండానే.

"ఖాళీ చేయడమంటే?"

"ఖాళీ చేయడమంటే ఖాళీ చేయడమే," అన్నాడు బావగారు. "గుంత తవ్వించాను. సున్నం కూడా తెప్పించాను. ఆదివారం మూడు చచ్చాయి, సోమవారం నాలుగు, నిన్న రెండు. మొదటి రెండు షెడ్లలో ఆరువేల కోళ్లున్నాయి. వాటికి గానీ అంటుకుందా, ఇంటిల్లిపాదీ వెళ్లి అదే గుంతలో పడుకోవచ్చు."

మొదటి రెండు షెడ్లు పెద్దకొడుకువి. అందులో కంపెనీ నుంచి తెచ్చిన తెల్లకోళ్లు లెక్కప్రకారం తిని లెక్కప్రకారం గుడ్లు పెడతాయి. మూడోది మాత్రం అత్తగారిది. ఆ గోధుమరంగు కోళ్లను ఆవిడ పంతొమ్మిదేళ్లుగా, తరం తర్వాత తరం, తన చేత్తో ఏరి పెంచుకుంటూ వచ్చింది. ఏరడంలో ఆవిడది వేరే పద్ధతి. ఎన్నడూ జబ్బు పడని కోడి గుడ్లను ఆవిడ పొదగనివ్వదు. జబ్బుపడి, రెండు మూడు రోజులు రెక్కలు వేలాడేసి, మళ్లీ లేచి తిండికి ఎగబడిన కోడి గుడ్లనే పొదగనిస్తుంది. "పడనిదాని సంగతి మనకేం తెలుసు? పడి లేచినదాని సంగతి తెలుసు," అంటుంది.

"పడి లేచినది రోగాన్ని కడుపులో దాచుకుని లేస్తుందమ్మా," అని పెద్దకొడుకు వాదన. ఈ వాదన వయసూ దగ్గర దగ్గర పంతొమ్మిదేళ్లే. చిక్కేమిటంటే, తల్లి మాటా అబద్ధం కాదు, కొడుకు మాటా అబద్ధం కాదు. కొన్ని రోగాలు ఆవిడ చెప్పినట్టు నడుస్తాయి, కొన్ని అతను చెప్పినట్టు.

"డాక్టరుగారు ఏమన్నారు?" అని అడిగింది చిన్నకోడలు.

"చచ్చిన కోళ్లని కోసి చూశాడు. ఏదో బాక్టీరియా అన్నాడు. ఏ రకమో తేలాలంటే దాన్ని పళ్లెంలో వేసి పెంచాలట, శనివారం దాకా పడుతుందట. అందాకా గుడ్లు బయటికి పంపొద్దన్నాడు. ఆ షెడ్డుకి చెప్పులు వేరే పెట్టమన్నాడు. అన్నీ చేశాం."

"మరి శనివారం దాకా ఆగొచ్చుగా?"

"ఆగుదామనే అనుకున్నా. ఈలోగా మనవాడు రిపోర్టు తెచ్చాడు."

'మనవాడు' అన్నాడు! 'చిన్నాడు' అనలేదు, 'వీడు' అనలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ముప్ఫై నాలుగేళ్లు వచ్చినా ఈ ఇంట్లో అతని మాటకి విలువ అంతంతమాత్రమే. బజారులో రక్తపరీక్షల సెంటరు పెట్టి, నలుగురికి పని ఇచ్చి, రోజూ వందమంది రక్తం చూస్తున్నా అన్నగారి దృష్టిలో ఇంకా సైకిలు తొక్కడం రాని పిల్లాడే. అలాంటిది ఇవాళ అన్న తన మాట మీద గుంత తవ్వించాడు.

చిన్నకోడలు మొగుడి చేతిలోంచి కాగితం తీసుకుంది.

"అయిదు కోళ్ల రక్తం తీసుకెళ్లి మన మిషన్లో వేశా," అన్నాడు అతను, ఆమె వంక చూడకుండా. "అన్నింటికీ ఒకటే. తెల్లకణాలు నాలుగు లక్షలు దాటిపోయి, ఆపైన లెక్కపెట్టలేనని మిషను చేతులెత్తేసింది. మనిషికి పదకొండు వేలు దాటితేనే డాక్టరు దగ్గరికి పొమ్మంటాం. నాలుగు లక్షలంటే ఇంకేముంది!"

"బతికున్న శవాలు," అన్నాడు బావగారు.

కాగితం చూసిన క్షణంలోనే ఆమెకు అర్థమైపోయింది. ఆ అంకె కోళ్లది కాదు, మిషనుది. మనుషుల కోసం చేసిన మిషనుకి కోడిరక్తం ఇస్తే అది అలాగే పిచ్చి లెక్క చెబుతుంది. ల్యాబులో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం అది. రోజుకి వందమంది మనుషుల రక్తం చూసేవాడికి ఆ పాఠంతో ఏనాడూ అవసరం పడలేదు.

అప్పుడే చెప్పేసి ఉంటే సగం గొడవ అక్కడే తీరేది. కానీ అతని భుజం మీద అన్న చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఆమె కాగితాన్ని మడిచి పట్టుకుంది.

"నాకు ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయింది?" అంది చివరికి. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కాబోలు."

"శిక్షణలో ఉన్నావని చేయలేదమ్మా."

"సరే. రెండున్నరైంది. నాలుగు దాకా టైముంది. నేనూ రక్తం తీసి చూస్తాను."

"మిషను చూసిందిగా?"

"నేను కంటితో చూస్తా."

"కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటే ఇదే! మా భూతద్దమ్మకి ఉద్యోగమే అది," అన్నాడు బావగారు. మామూలు రోజుల్లో ఆ మాటకి అందరూ నవ్వేవారు.

మొగుడు మాత్రం తల ఎత్తి మెల్లగా అడిగాడు. "నా రిపోర్టు మీద నమ్మకం లేదా?"

ఆమె కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. "ఒకటికి రెండుసార్లు చూస్తే మంచిదని," అని సంచిలోంచి సూదుల పెట్టె తీసుకుని పెరట్లోకి నడిచింది. వెనకాల పీట కదిలిన చప్పుడైంది. అత్తగారు లేచి ఆమె వెంటే వచ్చింది.

మూడో షెడ్డు గుమ్మంలో ఇద్దరూ చెప్పులు మార్చుకున్నారు. లోపల ఊక మీద కోళ్లు ఎప్పటిలా కాళ్లకి అడ్డం పడటం లేదు. కొన్ని తింటున్నాయి. కొన్ని గోడవారన ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాయి. ప్రతి కోడి కాలికీ ఒక దారం ఉంది, పడి లేచిన ప్రతిసారికీ ఆ దారానికో ముడి. పంతొమ్మిదేళ్లుగా ఈ షెడ్డుకి అదే రిజిస్టరు.

"ఎనిమిది కావాలత్తయ్యా. బాగున్నవీ, బాగాలేనివీ కలిపి."

ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కళ్లు తళతళలాడే కోడిని ముందు పట్టి చూపిస్తారు. అత్తగారు నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, అన్నింటికన్నా నీరసంగా ఉన్నదాన్ని ఎత్తుకొచ్చింది. దాన్ని పొట్టకి ఆనించుకుని, రెక్క విప్పి పట్టుకుంది. చిన్నకోడలు రెక్క కింద నాలుగు ఈకలు తొలగించి, స్పిరిట్‌తో తడి చేసి, నీలంగా కనిపించిన నరంలో సూది పెట్టింది. ఒక చుక్క గాజుపలక మీద వేసి ఇంకో పలక అంచుతో పల్చగా లాగింది. మిగతాది సీసాలోకి.

ఎనిమిది కోళ్లు అయ్యేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. తొందరపెట్టలేదు, 'ఏమంటావు' అని అడగలేదు. అడిగి ఉంటే తేలిగ్గా ఉండేదని చిన్నకోడలికి అనిపించింది.

వెనక గదిలో ల్యాబువాళ్లు పక్కన పడేస్తే తెచ్చుకున్న పాత మైక్రోస్కోపు ఒకటి ఉంది. పలకలకి రంగు వేసి, ఆరబెట్టి, ఎనిమిదింటినీ ఒకసారి చూసుకుని, లెక్కపెట్టడానికి కూర్చుంది. గళ్లు గీసిన గాజుబిళ్లలో రంగునీళ్లు కలిపిన రక్తం నింపి, ఒక్కో గడిలో ఎన్ని తెల్లకణాలున్నాయో వేళ్లతో మీట నొక్కుతూ లెక్క వేసుకుంటోంది. నాలుగో కోడి దగ్గర ఉండగా తలుపు తీసుకుని మొగుడు వచ్చాడు.

"ఏం తేలింది?"

"ఒక్కటి చెప్పండి. మీ మిషను ఏం చేస్తుంది?"

"నన్ను పరీక్షిస్తున్నావా? మందు కలిపితే ఎర్రకణాలు కరిగిపోతాయి. కరగనివి తెల్లకణాలు. వాటిని లెక్కపెడుతుంది."

"ఇటు రండి. ఇందులో చూడండి."

ఆమె గాజుబిళ్ల తీసి రంగు వేసిన పలక పెట్టగానే అతను వంగి చూశాడు. చక్రం అటు ఇటు తిప్పి మళ్లీ చూశాడు. మనిషి ఎర్రకణం గుండ్రంగా, నడుమ ఏమీ లేకుండా ఉంటుంది. ఇవి కోలగా ఉన్నాయి. ప్రతిదాని మధ్యలోనూ ఊదారంగులో ఒక గింజ ఉంది.

"అన్నింటిలోనూ కేంద్రకం ఉంది," అన్నాడు.

"కోడికి అంతే."

అతను పలకని పక్కకి జరిపి ఇంకోచోట చూశాడు.  ఆమె చెప్పాల్సిన పని లేదు, తన పని అతనికి బాగా వచ్చు.

"మందు వేస్తే పైది కరుగుతుంది," అన్నాడు మెల్లగా. "గింజ కరగదు. మిషను ఆ గింజల్ని లెక్కపెట్టింది."

"అవును."

"నేను లక్షల్లో గింజలు లెక్కపెట్టి తెల్లకణాలని రాశా. అది చూసి అన్నయ్య గుంత తవ్వాడు." కుర్చీలోకి జారిపోయాడు. తర్వాత ఒక్కసారిగా తల ఎత్తాడు. "నీకు కాగితం చూడగానే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"బావగారి ముందా? ఆయన మీ భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు."

"అందుకని? గంటసేపు నన్ను వెర్రివెంగళప్పలా కూర్చోబెడతావా?"

"ఒక్క నిమిషంలో నలుగురి ముందు ఆ పని చేసి ఉంటే బాగుండేదా?"

"బాగుండేది! అమ్మ గంటసేపు ముందు ఊపిరి పీల్చుకునేది. నా పరువు సంగతి నేను చూసుకునేవాణ్ని. నిన్నెవరు కాపాడమన్నారు?"

 పీట మీద కూర్చున్న అత్తగారి ముఖం గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది. మొగుడి ముఖం చిన్నబోతుందని చూసుకుంది గానీ, ఆవిడ సంగతి ఆలోచించనేలేదు.

"తప్పే," అంది. "నాది కూడా."

అతను ఆ మాటకి కాస్త చల్లబడ్డాడు. మళ్లీ మైక్రోస్కోపు దగ్గరికి వచ్చాడు. "అసలు లెక్క ఎంత?"

"ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది వేలు. ఎక్కువే. జబ్బు చేసిన కోడికి ఎక్కువే ఉండాలి, లేకపోతేనే భయం. ఇదిగో, ఇటుకపొడి రంగులో సన్నటి పుల్లలు నిండిన కణాలు కనిపిస్తున్నాయా? మనకి చీము పట్టే కణాలుంటాయి చూడండి, కోడికి వాటి బదులు ఇవి. బాక్టీరియా ఎక్కడ చొరబడితే అక్కడికి ముందు ఇవే పరిగెడతాయి. మింగేస్తాయి. ఆ పుల్లల్లో ఉన్న మందుతో చంపేస్తాయి."

"ఈ పలకలో పుల్లలు సరిగా లేవు."

"అది మొదటి కోడి. పుల్లలు అయిపోయాయి, కణం నీలంగా తిరిగింది. అలసిపోయిందన్నమాట. ఇంకోటీ అలాగే ఉంది. ఆ రెండూ బతక్కపోవచ్చు. మిగతావి చూడండి, ఎంత నిండుగా ఉన్నాయో. పైగా చచ్చినవాటిని తినేసే పెద్ద కణాలు కూడా వచ్చాయి. ఇల్లంటుకుంటే ముందు బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉంటారు, తర్వాత బూడిద ఎత్తిపోసేవాళ్లు వస్తారు. రెండోవాళ్లు వచ్చారంటే మంట తగ్గుతోందనే."

అతను ఒక పలక తర్వాత ఒక పలక మార్చి చూస్తూనే ఉన్నాడు. అతని ముఖంలో ఇంతసేపూ లేని వెలుగు కనిపించి ఆమెకి సంతోషం వేసింది. అంతలో బయట హారన్ మోగింది. మూడు నలభై. ఎప్పుడూ చెప్పిన టైముకి రాని వ్యాను ఇవాళ ముందే వచ్చింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

అతను చొక్కా సర్దుకుని బయటికి వెళ్లాడు.

వాకిట్లో నలుగురు మనుషులు వ్యానులోంచి ప్లాస్టిక్ గంపలు దించుతున్నారు. పెద్దకొడుకు వాళ్లకి దారి చూపిస్తున్నాడు. అత్తగారు షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడింది. ఎవరినీ ఆపడం లేదు, అలాగని పక్కకి జరగడం లేదు.

"అన్నయ్యా, ఆగు. ఆ రిపోర్టు తప్పు."

"ఏ రిపోర్టు?"

"నాదే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం వేశా. మనుషుల మిషన్లో కోడిరక్తం పోశా. నాలుగు లక్షలు కాదు, ముప్ఫై ఆరు వేలే. ఇప్పుడే నా కళ్లతో చూసొచ్చా."

గంపలు దించేవాళ్లు ఆగిపోయారు. పెద్దకొడుకు తమ్ముణ్ని తేరిపార చూశాడు.

"నీ మాట విని గుంత తవ్వించాన్రా," అన్నాడు. "పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీ మాట విన్నా."

"విన్నావు. నా బాధంతా అదే."

పెద్దకొడుకు తిడతాడనే అందరూ అనుకున్నారు. అతను తిట్టలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మరదలి వైపు తిరిగాడు.

"సరే. అంకె తప్పు. తొమ్మిది కోళ్లు చచ్చిన మాట తప్పు కాదుగా?"

"కాదు బావగారూ."

"షెడ్డులో జబ్బు ఉంది కదా?"

"ఉంది. కానీ ఎనిమిదింటిలో ఆరు దాన్ని గట్టిగా ఎదుర్కొంటున్నాయి. నేను ఇంతకన్నా పాడైన రక్తం ల్యాబులో వారానికి పదిసార్లు చూస్తా. ఇంత నిండైన కణాలు అరుదుగా చూస్తా. అత్తయ్య పంతొమ్మిదేళ్లు ఏరింది ఈ కణాలనేనేమో, నాకలా అనిపిస్తోంది. నీరసంగా ఉన్నవాటిని విడిగా పెడదాం. పొద్దునా సాయంత్రం రక్తం చూస్తా. అలసిపోయిన కణాలు ఎక్కువైతే శనివారం దాకా కూడా ఆగమనను."

"శనివారం డాక్టరు చెప్పేది చెడ్డ రకమైతే? లేచిన కోడి కడుపులో దాక్కుని, గుడ్డులోకి దిగి, పిల్లలోకి పోయే రకమైతే?"

ఆమె అత్తగారి వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఆవిడ కళ్లార్పకుండా వింటోంది.

"అప్పుడు ఒక్కటి కూడా ఉండకూడదు," అంది చిన్నకోడలు. "లేచినవి కూడా."

పెద్దకోడలు గుమ్మంలోంచి "అయ్యో" అంది.  డ్రైవరు ఈ మౌనానికి అద్దె ఎవరిస్తారన్నట్టు వాచీ చూసుకున్నాడు.

అత్తగారు తలుపు దగ్గరినుంచి నాలుగడుగులు ముందుకొచ్చింది. నిన్న పొద్దుటి నుంచి మూసుకున్న గొంతు కాబట్టి మొదటి మాట సరిగా పలకలేదు. దగ్గి, మళ్లీ అంది.

"ఆ మాట ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను అత్తయ్యా."

"వాడికి కాదు. ముందు నాకు చెప్పు. మంచైనా, చెడైనా. నిన్న ఇంట్లో అందరికీ తెలిశాక, ఆఖర్న నాకు చెప్పారు. గుంత తవ్వే మనిషికి కూడా నాకన్నా ముందే తెలుసు." ఆవిడ పెద్దకొడుకు వైపు చూడకుండానే ఆ మాట అంది. అతను తల దించుకున్నాడు. "చెడ్డమాటే అయితే ఈ గంపలూ, ఈ మనుషులూ వద్దు. నాలుగొందల మూడు ఉన్నాయి. చేత్తో పెంచా, చేత్తోనే అప్పగిస్తా. కాళ్లు పట్టి తలకిందులుగా మోసుకెళ్లనివ్వను. సరేనా?"

"సరే అత్తయ్యా."

"బతుకుతాయని చెప్పమని నేను అడగడం లేదు."

"నేనైతే బతుకుతాయనే అనుకుంటున్నా."

ఆవిడ తలూపి, చెప్పులు మార్చుకుని షెడ్డులోకి వెళ్లిపోయింది. నీరసించిన వాటిని వేరు చేయడానికి చిన్నకొడుకు ఒక గంప ఎత్తుకుని వెనకే వెళ్లాడు.

"శనివారం రా," అన్నాడు పెద్దకొడుకు డ్రైవరుతో. "లేదా, ఫోన్ చేస్తే రా. ఊరికే రాకు."

వ్యాను ఇంకా గేటు దాటలేదు. చిన్నకోడలి ఫోను మోగింది. పశువుల డాక్టరు.

"ఊరినుంచి వచ్చావా అమ్మా? మంచిది. నీకే చెప్పాలి. అనుకున్నదానికన్నా తొందరగా పెరిగింది. మూడు కోళ్ల నుంచి మూడు పళ్లేలు పెట్టా. రెండింటిలో గులాబీరంగు వచ్చింది."

ఆమె ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. తాము భయపడుతున్న రకం గులాబీరంగులో పెరగదు, తెల్లగా పెరుగుతుంది. "మూడోది సార్?"

"మూడోదాంట్లో గులాబీ ఉంది, మధ్యమధ్య తెల్లగా ఏవో చుక్కలున్నాయి. ఉత్త చెత్త కావచ్చు. కాకపోవచ్చు. ఇంకో పరీక్ష పెట్టా. శనివారం దాకా అక్కర్లేదు, రేపు పొద్దున పదింటికల్లా తేలిపోతుంది."

ఫోను పెట్టేసేసరికి పెద్దకొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. వ్యాను కూడా గేటు దగ్గర ఆగి ఉంది. ఆగమని అతనే చెయ్యి ఎత్తాడు కాబోలు.

"డాక్టరేనా? ఏమన్నాడు?"

చిన్నకోడలు ఒక్క అడుగు పక్కకి వేసి అతన్ని దాటింది. ఆరేళ్లలో బావగారి ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకి నడవడం ఆమెకి ఇదే మొదలు.

"ఏమన్నాడమ్మా? నిన్నే!"

ఆమె షెడ్డు గుమ్మంలో చెప్పులు విప్పింది.

"అత్తయ్యా," అని పిలిచింది. "ఒక్కసారి ఇలా రండి. ముందు మీకే చెప్పాలి."